మూడు గురిగింజల తరుగు

బంగారం తాకట్టు పెట్టడానికి వచ్చినవాళ్ల నగ తీసుకుని, గీటురాయి మీద గీసి, ఇది ఇంత వన్నె అని బ్యాంకుకి చెప్పడం నా పని. అప్రైజర్ అంటారు. పలాసలో ముప్పై నాలుగేళ్లు అదే చేశాను. ఊళ్లో మాత్రం నన్ను అప్రైజరని ఎవరూ అనలేదు, గీతలాసారి అన్నారు, అంటే గీతలు గీసే ఆచారి. ఇంటిపేరు అందరూ మరిచిపోయారు గాని ఆ పేరు నా మనవల దాకా పాకింది.

కళ్లు మునుపటిలా లేవని నేనే మానేశాను. మొన్న టెక్కలి నుంచి ఒక అమ్మాయి వచ్చింది. మూడు నెలల కోర్సు చేసి ఈ పనిలో చేరబోతోంది. మిషన్లో పెడితే నిమిషంలో వన్నె చెప్పేస్తుంది కదండీ, ఇంక నేర్చుకోడానికి ఏముంది అని అడిగింది. నాకు కోపం వచ్చింది. కోపం రావడానికి నాకు పెద్ద కారణాలు అక్కర్లేదు. కాఫీ ఇచ్చి రెండు గంటలు కూర్చోబెట్టాను. పాపం లేవలేక అంతా విని, వెళ్తూ వెళ్తూ ఇవన్నీ రాసి పెట్టండి సార్ అంది. నన్ను వదిలించుకోడానికే అందేమో. నేను మాత్రం నిజమే అనుకుని కాగితాలు కొనుక్కొచ్చాను.

నగల సంగతి రాయను. అది మీరు చేరిన నెల రోజుల్లో నేర్చుకుంటారు. పాత బంగారు కాసుల సంగతి రాస్తాను. నన్ను నవ్వించినవీ, తలెత్తుకోలేకుండా చేసినవీ అవే.

కాసుని చదవడం

ఉద్దానం ఊళ్లలో పాత ఇళ్లలో కాసులుండటం వింత కాదు. ఓడల కాలంలో ఇక్కడివాళ్లు రంగూన్ పోయి, మిల్లుల్లోనూ రేవుల్లోనూ మూటలు మోసి, తిరిగొచ్చేటప్పుడు సవరన్లు నడుముకి కట్టుకుని వచ్చారు. ఒక పక్క రాణి బొమ్మో రాజు బొమ్మో ఉంటుంది. రెండో పక్క గుర్రమెక్కిన మనిషి ఒక జంతువుని పొడుస్తూ ఉంటాడు. ఆ జంతువు ఏదో తెల్లదొరలకే తెలియాలి, మావాళ్లు మొసలి అంటారు. తూకం ఎనిమిది గ్రాములకి పిసరు తక్కువ.

బ్యాంకు ఇలాంటి పాత కాసుల మీద అప్పివ్వదు. కౌంటర్ దగ్గర కాదనిపించుకున్నవాళ్లు ఆదివారం మధ్యాహ్నం కాశీబుగ్గలో మా ఇంటికి వచ్చేవారు. మొదట్లో నగని చూసినట్టే చూసేవాణ్ణి. తూచడం, రాయి మీద గీయడం, ఇవాళ రేటు చెప్పడం. అలా చేస్తుండగా ఒకసారి బరంపురంలో పాత నాణేలు కొనే ఒడియా పెద్దాయన ఒకాయన నా చెయ్యి గట్టిగా పట్టుకుని ఆపేశాడు. నువ్వు గీసేది రాయి మీద కాదు, దాని ముఖం మీద అన్నాడు. సగం ఒడియా, సగం తెలుగు. అప్పటికే నేను ఎన్ని కాసుల అంచులు గీకి పాడు చేశానో లెక్క లేదు.

ఆయన దగ్గరికి రెండేళ్లు తిరిగాను. ఎంత బంగారం ఉందని చూడకు, కాసు ఎంత మిగిలిందని చూడు అనేవాడు. ఎత్తుగా ఉన్నవి ముందు అరుగుతాయి. రాణికి చెవి మీది జుట్టు, చెంప. గుర్రం మీది మనిషికి మోకాలు. తరవాత అంచు చుట్టూ ఉండే సన్న గీతలు. తరవాత ఏ టంకశాలలో కొట్టారో చెప్పే చిన్న అక్షరం. ఎప్పుడైనా మెడలో వేసుకోడానికి కొక్కెం అతికించి తీసేశారా అన్నది కూడా చూడాలి, ఎందుకంటే అతుకు మచ్చ ఎంత తోమినా పోదు. ఇవన్నీ చూశాక ఒకే తూకం ఉన్న రెండు కాసుల్లో ఒకటి బంగారం ధరకే పోతుంది, రెండోదానికి అంతకు అంత ఎక్కువ పలుకుతుంది.

చింతపండు

మందస దగ్గర జీడితోటలున్న రైతు ఒకాయన ఫోన్ చేశాడు. వాళ్ల నాయనమ్మ కాసులు ఐదున్నాయి, తెస్తానన్నాడు. రమ్మన్నాను. మూట విప్పితే ఐదూ ధగధగా మెరిసిపోతున్నాయి. గబగబా భూతద్దం అందుకున్నాను. పెళ్లాం, ఇద్దరు కూతుళ్లు, ముందురోజు మధ్యాహ్నమంతా కూర్చుని చింతపండూ ముగ్గూ వేసి కొబ్బరిపీచుతో తోమారట. ఒక రాణికి ముక్కు లేదు. ఇంకో రాణికి ముఖమే లేదు. అక్షరాన్ని బట్టి చూస్తే అందులో ఒకటి నేను ఎన్నాళ్లనుంచో చూడాలనుకున్న రకం.

ఆయన మీద గట్టిగా అరిచాను. ఆయన చిన్నబుచ్చుకుని, మీ ఇంటికి మురికి కాసులు ఎలా తెత్తామండీ అన్నాడు. అప్పుడు తెలిసింది. అది ఆశ కాదు, మర్యాద. పెద్దవాళ్ల ఇంటికి వెళ్తూ పిల్లలకి తలంటు పోసినట్టు కాసులకీ పోశారు. ఆ మర్యాదకి నేను అరిచాను.

ఆ తరవాత నుంచి ఎవరు ఫోన్ చేసినా ఉన్నది ఉన్నట్టు, మట్టితో సహా తెండి అని చెప్పేవాణ్ణి. ఒకాయన నిజంగానే కుండెడు మట్టిలో పెట్టి తెచ్చాడు. పొలంలో తవ్వి తీశావేమో బాబూ, అలాగైతే తాసిల్దారు దగ్గరికి వెళ్లు, నా దగ్గరికి కాదు అన్నాను. కాదండీ, మీరే గదా మట్టి తెమ్మన్నారు, పెరట్లోది వేసి తెచ్చాను అన్నాడు. ఆ రోజు మా ఆవిడ నవ్విన నవ్వు వీధి చివరికి వినిపించింది.

నోరు మూసుకో అన్న మేనేజరు

నా హయాంలో వచ్చి వెళ్లిన మేనేజర్లలో ఒకరి గురించే రాస్తాను. రాయలసీమ ఆయన. లెక్క అంటే లెక్క. అప్పుకి పనికిరాదని తెలిసినా, నేను కౌంటర్ దగ్గర కాసు చూడగానే దాని పుట్టుపూర్వోత్తరాలు చెప్పడం మొదలుపెట్టేవాణ్ణి. ఇది కొక్కెం పెట్టి తీసింది, ఇది ఎవరో మార్వాడీ చేతిలో తిరిగింది, ఇలా. వెనక క్యూలో ఉన్నవాళ్లకి సినిమా చూసినట్టు ఉండేది. నాకూ బాగుండేది.

ఒకరోజు ఆయన తన గదిలోకి పిలిచి, ఆచారీ, తూకం చెప్పు, వన్నె చెప్పు, నోరు మూసుకో అన్నాడు. నెల రోజులు ఆయనతో ముభావంగా ఉన్నాను. ఇంట్లో ఆయన యాస పెట్టి వెక్కిరించాను కూడా. మొదటి రెండూ నాకు తెలిసినవే, మూడోదాని సంగతి మాత్రం ఆయన మాటతో తలకెక్కలేదు. అది బారువలో తలకెక్కింది.

పన్నెండు కాసులు

బారువకి ఇవతల సముద్రం ఒడ్డున ఒక పల్లె. అక్కడ ఎర్రయ్య, లచ్చయ్య అని అన్నదమ్ములు. ఎర్రయ్యకి ఇంజను బోటుంది, వేరే కాపురం. లచ్చయ్య ఎండుచేపల వ్యాపారం, తల్లి గురమ్మతో ఒకే ఇంట్లో. గురమ్మ పోయింది. పన్నెండు సవరన్లు మిగిలాయి. రంగూన్ వెళ్లొచ్చిన తాత తెచ్చినవి.

ఆరు నీకు, ఆరు నాకు అనుకున్నారు. ఇంతలో సోంపేటలో ఎవరో అన్ని కాసులూ ఒక్క విలువ కాదని వాళ్ల చెవిన వేశారు. అందుకని నన్ను పిలిచారు. పంపకం కాకుండా కాసు గడప దాటకూడదని వాళ్ల పట్టు. అందువల్ల నా తాసూ భూతద్దమూ సంచిలో వేసుకుని ఆదివారం పొద్దున్న బస్సెక్కాను.

అరుగు మీద చాప, చాప మీద తెల్లగుడ్డ. చుట్టూ పన్నెండు మంది. ఆ పల్లెలో ఎవరింట్లో పెట్టె తెరిచినా పిలుపులు అక్కర్లేదు. లచ్చయ్య పెళ్లాం దానమ్మ కంచుచెంబు తెచ్చి నా ముందు పెట్టింది. అత్త మంచాన పడిన తొమ్మిదేళ్లూ చేసింది ఈవిడే. పెట్టె తాళంచెవి కూడా అన్నేళ్లూ ఈవిడ నడుముకే ఉంది. ఈ సంగతి ఎవరో నాకు వెళ్లగానే చెప్పారు, మెచ్చుకుంటూ.

కాసులు చూస్తే నాకు పండగలా ఉంది. ఒక్కదానికీ చింతపండు తగల్లేదు. మూడు కుప్పలు పెట్టాను. బంగారం ధరకి పోయేవి ఒకటి, కాస్త ఎక్కువ పలికేవి ఒకటి, విడిగా చూడాల్సినవి ఒకటి. ఎందుకు అలా పెడుతున్నానో చెబుతూ పోయాను. ముక్కున్న రాణికి రేటెక్కువా అని ఎర్రయ్య అడిగితే అందరూ నవ్వారు. నేను ఇంకా రెచ్చిపోయాను.

పన్నెండోది చేతిలోకి తీసుకోగానే తేడా తెలిసింది. అంచు ఒక పక్క, బొటనవేలి గోరు వెడల్పున, చదునుగా ఉంది. అక్కడ సన్న గీతలు లేవు. తూచాను. మిగతావాటికంటే మూడు గురిగింజల ఎత్తు, అంటే గ్రాములో మూడోవంతు పైచిలుకు, తక్కువ. ఆకురాయితో కాసు అంచు రాసి ఆ పొడి దాచుకోవడం మా వృత్తిలో పాత దొంగతనం. నాకు వెంటనే గుర్తొచ్చింది అదే.

భూతద్దం పెట్టి సరిగ్గా చూడాల్సింది. చూడలేదు. పన్నెండు మంది నా వైపు చూస్తున్నారు. కాసుని వెలుగులోకి ఎత్తి పట్టుకుని, దీన్ని ఎవరో రాశారు, మూడు గురిగింజల బంగారం తీసుకున్నారు అన్నాను.

అందరి చూపూ దానమ్మ నడుము దగ్గరున్న తాళంచెవి మీదికి వెళ్లింది. లచ్చయ్య ఆవిడ వైపు తిరిగి, గొంతు తగ్గించి అడిగాడు.

"నువ్వేటి సేసినావే?"

ఆవిడ ఏడవలేదు. తాళంచెవి తీసి తెల్లగుడ్డ మీద, నా తాసు పక్కన పెట్టింది. లోపలికి వెళ్లిపోయింది. ఇయాల పంపకం లేదు అని ఎర్రయ్య లేచాడు. నేను నా జాబితాలో పన్నెండో కాసుకి ఎదురుగా "అంచు రాసేశారు, దెబ్బతిన్నది" అని రాసి, సంచి సర్దుకుని బస్సెక్కాను. నిజం చెప్పాలంటే నాకు బాధేమీ కలగలేదు. దొంగతనం పట్టేశానని గర్వంగా ఉంది. నాకు ఇప్పటికీ సిగ్గేసేది ఆ గర్వానికే.

మా ఆవిడ ఉంగరం

ఇంటికొచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. అన్నం తింటూ మా ఆవిడకి అంతా చెప్పాను, రంగులు పూసి మరీ. ఆవిడ పెరుగు వడ్డిస్తూ, ఆ ఇల్లాలి దగ్గర ఆకురాయి ఎక్కడిది అని అడిగింది. వెంటనే ఇంకోటి అడిగింది. అరిగింది ఒక్క పక్కేనా, నున్నగా ఉందా గరుకుగా ఉందా అని. ఒక్క పక్కే, నున్నగా ఉంది అన్నాను.

ఆవిడ చెయ్యి తుడుచుకుని వేలి ఉంగరం తీసి నా కంచం పక్కన పెట్టింది. "మన ముగ్గురు పిల్లలకీ పుట్టగానే తేనెలో బంగారం రంగరించి నాకించాం గదా. ఆ బంగారం ఎక్కడినుంచి ఊడిపడిందనుకున్నారు?"

ఆ ఉంగరం నేను నా చేత్తో చేసింది. వెనక పక్క ఏటవాలుగా, నున్నగా అరిగిపోయి ఉంది. ముప్పై ఏళ్లుగా నా కళ్ల ముందు తిరుగుతోంది, నేను చూడలేదు. ఊరందరి బంగారం అరుగుదలా చెప్పే గీతలాసారికి సొంత ఇంట్లో అరుగుదల కనిపించలేదు. ఎంగిలి చేత్తోనే భూతద్దం తెమ్మన్నాను. ఆకురాయి గీత తిన్నగా, గరుగ్గా, ఒక వరసలో ఉంటుంది. సానరాయి మీద నీళ్లో తేనో వేసి రంగరిస్తే గీతలు గుండ్రంగా తిరిగి, మెరుపు మిగులుతుంది. బారువలో నా చేతిలో ఉన్నది ఈ మెరుపే.

ఇప్పుడు డాక్టర్లు పసిబిడ్డలకి తేనె వద్దంటున్నారు. వాళ్ల మాటే వినండి. నేను రాస్తున్నది అప్పటి అలవాటు.

నేను కంచం పక్కకి జరిపాను. మా ఆవిడ మాత్రం జాలి పడలేదు. ఆ పిల్ల ఇవాళ ఎన్ని ముద్దలు తిందో, రేపు మొదటి బస్సుకి వెళ్లి అడిగి రండి అంది.

సానరాయి

నేను వెళ్లేసరికి దానమ్మ వాకిట్లో కవ్వళ్ల చేపలు ఎండబెడుతోంది. నన్ను చూసి ముఖం తిప్పుకుంది. అన్నదమ్ములిద్దరూ వచ్చారు. కాసు ఇంకోసారి చూడాలన్నాను. పిల్లలకి వస అరగదీసే రాయి కూడా కావాలన్నాను. కాసు కోసం వచ్చి రాయి అడుగుతాడేటి ఈయన అని ఎర్రయ్య విసుక్కున్నాడు. దానమ్మ లోపలికి వెళ్లి, కుండల వెనక నుంచి అరచేయంత రాయి తెచ్చి చాప మీద పెట్టింది.

రాయి మధ్యలో గుంట పడి ఉంది. భూతద్దం పెట్టాను. గుంట అడుగున, రాతి గరుకులో, సన్నగా పసుపుపచ్చ మెరుపు. యాసిడ్ చుక్క వేశాను. ఇత్తడైతే పొంగి పోతుంది. అది పోలేదు. కాసు అరిగిన పక్కని గుంటలో పెడితే చక్కగా అమిరింది. జీవితమంతా నా రాయి మీద గీతలు చూసినవాణ్ణి, ఆ రోజు ఇంకొకరి రాయి మీద చూశాను.

ఈ ఇంట్లో పురుళ్లు ఎవరు పోశారని అడిగాను. రెండిళ్ల అవతల ఉండే మేనత్త పోలమ్మని పిలిచారు. ఎనభై దాటిన మనిషి. ముందురోజు కూతురి ఊళ్లో ఉందట. కాసు చేతిలో పెడితే ఇటూ అటూ తిప్పి చూసింది.

"ఇదా. పురిటి కాసు. నాకూ ఇదే నాకించినారు, మీ నానకీ ఇదే. ఒరే ఎర్రయ్యా, నువ్వు పుట్టి ఏడవకపోతే మీయమ్మ భయపడి రెండుసార్లు రంగరించింది."

అదీ సంగతి. రంగూన్ తాత ఈ పన్నెండూ తెచ్చిన నాటినుంచి ఆ ఇంట్లో పుట్టిన ప్రతి బిడ్డ నాలుక మీదికీ ఆ ఒక్క కాసే వెళ్లింది. పురిటిగది సంగతి మగవాళ్లకి తెలీదు. కోడళ్లిద్దరూ కన్నది పుట్టిళ్లలో. బిడ్డతో ఇంటికి వచ్చేసరికి గురమ్మ గిన్నెలో తేనె సిద్ధంగా పెట్టేది. దేంతో రంగరించావని అత్తని ఏ కోడలు అడుగుతుంది?

దొంగలు దొరికారు అన్నాను నేను. మూడు గురిగింజలూ ఈ ఇంటివాళ్ల కడుపుల్లోనే ఉన్నాయి, ఎర్రయ్య మాత్రం రెండు వాటాలు తిన్నాడు. అందరికంటే గట్టిగా ఎర్రయ్యే నవ్వాడు. గండం గడిచిందనుకుని జాబితా తీసి పన్నెండో కాసు దగ్గర రాసింది కొట్టేయబోయాను. అప్పుడు దానమ్మ మొదటిసారి నోరు విప్పింది.

"ఆసారిగోరూ, నిన్న ఈ అరుగు మీద పన్నెండు మందున్నారు. ఇయాల ముగ్గురున్నారు."

నాకు అర్థమైంది. జాబితా పక్కన పెట్టి లేచాను. ఆ ఎండలో ఇల్లిల్లూ తిరిగి నిన్న వచ్చినవాళ్లందరినీ నేనే పిలిచాను. వల అల్లుతున్నవాడిని వల వదిలి రమ్మన్నాను. ఒకావిడ సోంపేట వెళ్లిందంటే ఆవిడ వచ్చేదాకా కూర్చున్నాం. పన్నెండు మందీ పోగయ్యాక నిలబడి చెప్పాను. కాసుని ఎవరూ రాయలేదు, ఎవరూ ఏమీ తియ్యలేదు, నేను సరిగ్గా చూడకుండా అన్నాను, తప్పు నాది. నా నోటికి ఎప్పుడూ ఇంత కష్టమైన మాట రాలేదు.

ఈ పనిలోకి వచ్చేవాళ్లకి నేను చెప్పగలిగింది ఇదే. కాసు ఎంత తరిగిందో చెప్పండి. ఎలా తరిగిందో ఇంట్లోవాళ్లని అడగండి. ఎవరు తీశారో మాత్రం చెప్పకండి, అది మనల్ని ఎవరూ అడగలేదు. నోరు జారితే, ఎంతమంది ముందు జారిందో గుర్తుపెట్టుకోండి. అంతమంది ముందూ వెనక్కి తీసుకోవాలి.

తరవాత పంపకం అరగంటలో అయిపోయింది. పురిటి కాసుని వాటాల్లో కలపొద్దని, దానమ్మ దగ్గరే ఉండాలని పోలమ్మ అంది. అన్నదమ్ములిద్దరూ సరేనన్నారు. జాబితాలో దాని ఎదురుగా దెబ్బతిన్నదన్న మాట కొట్టేసి, అమ్మకానికి కాదు అని రాశాను.

దానమ్మ తాళంచెవి తీసుకుని నడుముకి దోపుకుంది. అన్నాలకి లేవండి అంది. నేను, పోలమ్మ, ఎర్రయ్య లోపల కూర్చున్నాం. లచ్చయ్య కూడా కాళ్లు కడుక్కుని వచ్చాడు. చూస్తే విస్తళ్లు మూడే ఉన్నాయి. మరి ఆడికేదే అని పోలమ్మ అడిగింది.

దానమ్మ నా విస్తట్లో పులుసు పోస్తూ చెప్పింది. "ఈయన పైవోరు. కాసుని సూసి అన్నారు. ఆయన నన్ను సూసి అడిగినాడు అత్తా. ఆయనకి రేపు పెడతాను."

లచ్చయ్య గుమ్మంలోంచే వెనక్కి తిరిగి వెళ్లి అరుగు మీద కూర్చున్నాడు. వాడి తరఫున మేం ముగ్గురం ఒక్క ముక్క కూడా అనలేదు. పులుసు చాలా బాగుంది, రెండోసారి కూడా వేయించుకున్నాను.